నలభై చుట్లు

"అబ్బా! వదలరా! వేలు విరిగింది!"

"ఒక్కటేగా బావా. ఇంకా తొమ్మిదున్నాయి."

వర్క్‌షాపుకి లోపల గడియ పడింది. లేజర్ యంత్రం బిగింపులో బ్యాటరీ డబ్బా ఉండాల్సిన చోట బావ చెయ్యి ఉంది, బావమరిది చేతిలో స్పానర్ ఉంది.

"చెప్పు. మీరు ఇంటికి తెచ్చుకున్న లైటులో, అక్క ఒళ్లో పేలిన బ్యాటరీ డబ్బా ఎవరు అతికించారు?"

"రిజిస్టర్లో దాని నంబరెదురుగా నా సంతకం చూశావుగా. నేనే."

"ఎందుకు పేలింది?"

"మూత సరిగ్గా అతక్క. లోపలికి తేమ దిగింది."

"అర్థమయ్యేట్టు ఏడువు!"

"కొట్టకు, చెప్తా! లేజర్ కిరణం ప్లాస్టిక్ మూత చుట్టూ తిరుగుతుంది. మూల తిరిగేటప్పుడు నెమ్మదిస్తుంది. అక్కడ మాడుతుంది, పక్కలు పచ్చిగా ఉంటాయి. అందుకే మూలల్లో పవర్ తగ్గించి, గబగబా నలభై చుట్లు తిప్పాలి. అప్పుడే చుట్టూ ఒకేలా కాగి, ఒకేసారి కరుగుతుంది."

"ఆ డబ్బాకి ఎన్ని తిప్పావు?"

"పది."

"నలభైకి పదా? పదా?"

"అమ్మా! అయ్యో దేవుడా..."

"అరవకు. అక్క ఆసుపత్రిలో మూడు రోజులు అరిచి అరిచి పోయింది. నువ్వు తలుపు బయట బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు."

"కూర్చున్నా. ఏం చెయ్యమంటావు?"

"అంత తొందరేంటి నీకు? ఏం కొంప మునిగింది?"

"చంపెయ్యరా. అది మాత్రం అడగకు."

"చంపుతా. మళ్లీ జైలుకి పోతే పోతా, నాకేం కొత్తా? కానీ చెప్పి చావు."

"వద్దురా. తెలిస్తే నువ్వు తట్టుకోలేవు."

"నన్ను బెదిరిస్తున్నావా? ఇదిగో, బటన్ నొక్కుతున్నా..."

"ఆగు! ఆగరా! ఆ డబ్బా అతికించిన రోజు నాకు జ్వరం. మంచం దిగలేదు."

"అబద్ధం! సంతకం నీదే!"

"పేలాక పెట్టా. తనని ఎవరూ మాట అనకూడదని."

"తనెవరు?"

"నా బదులు మెషీన్ మీద కూర్చుంది మీ అక్కే."

"నోర్ముయ్! అక్క పని ఎగ్గొట్టే మనిషి కాదు!"

"కాదు. పదేళ్లలో ఒక్క చుట్టు తగ్గించలేదు. ఆ ఒక్క పూటే."

"ఎందుకు? ఎందుకు బావా?"

"పదింటికి నిన్ను జైలు నుంచి వదులుతున్నారని. గేటు దగ్గర ఎవరూ కనబడకపోతే నా తమ్ముడు చిన్నబోతాడని పరిగెత్తిందిరా."