పిలవవచ్చినవాడి నాడి

1938. మంగళవాడలో నాడి వైద్యుడు కదిరయ్య ఇంటి అరుగు. రాయచెర్లు ఊరి గొర్రెలకాపరి చిక్కన్న, కాన్పయిన తన అక్క సుంకమ్మ కోసం వైద్యుణ్ణి పిలవడానికి వచ్చాడు. కదిరయ్య భార్య భాగీరథమ్మ గడపలో నిలబడి వింటోంది.

“నెత్తురు ఇంకా పోతానే ఉండాదా?”

“పోతానే ఉండాది సామీ. నేను వచ్చేటప్పటికే రెండు కోకలు తడిసినాయి.”

“మాయ పడిందా?”

“పడిందనే మా అమ్మ చెప్పింది. బిడ్డ బాగుండాడు. అక్కే కండ్లు తెరిచి మూస్తాంది.”

“పావగడ డాక్టరు కాడికి ఎత్తకపోకూడదా?”

“బండి కుదుపుకు నెత్తురు ఇంకా ఎక్కువయితాదని మా అమ్మ వద్దనింది. మీరొచ్చి మందిస్తే నిలబడతాదంట. తాలూకా అమల్దారు తల్లికే మీరు నాడి చూసినారంట గదా.”

“ఆ కాలం వేరేప్పా. ఎప్పుడు బయలుదేరినావు?”

“పొద్దున.”

“పొద్దున అంటే?”

“పొద్దున్నే సామీ.”

“సరే పద. ఏమే, మందుల మూట ఇట్లియ్యి.”

“ముందు ఆ పిల్లోని చెయ్యి చూడండి. చెయ్యి చూడకుండా గడప దాటిన రోజు ఉండాదా మీకు? ఊళ్ళో ఏమనుకుంటారు?”

“చూస్తాలేవే.”

“సామీ, మా ఊరి బోరయ్య వాళ్ళ నాయనకని పిలవొచ్చినప్పుడు వాని చెయ్యి చూసి మీరు రానన్నారంట గదా.”

“వాని నాడి పాము మాదిరి మెలికలు తిరుగుతాండె. పిలవొచ్చినోని నాడి చెడితే ఆడ పండుకున్నోడు దక్కడు. మా నాయన అట్లే చెప్పినాడు.”

“వాళ్ళ నాయన దక్కలేదా?”

“ఆ మాపుకే పోయినాడు. పదేండ్ల కిందటి మాట. ఇప్పుడెందుకది?”

“ఊరికే అడిగినా. కుడి చెయ్యేనా?”

“మగోనికి కుడి చెయ్యే.”

“మీ వేలు మీద బొబ్బ లేచింది గదా సామీ.”

“మందు నిప్పుల్లో పుటం పెట్టేటప్పుడు కాలే పెంకు తగిలింది.”

“నొప్పి లేదా?”

“నొప్పికేంలే నాయనా, ఆయనకు అలవాటే. నాడి చూసేటప్పుడు మాట్లాడకూడదు.”

“సరేమ్మా.”

“నిమ్మళంగా ఉండాది. హంస నడక.”

“హంసంటే మంచిదేనా సామీ?”

“మంచిదే. వాతం పాము మాదిరి పోతాది, పిత్తం కప్ప మాదిరి ఎగురుతాది. నీది రెండూ కాదు.”

“అట్లయితే అక్క దక్కుతాది.”

“నడువు.”

ఊరు దాటాక, గుట్ట దగ్గర. చిక్కన్న బావ, సుంకమ్మ భర్త దాసన్న ఎదురుగా పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“చిక్కా, యాడ చచ్చినావురా? కోడి కూయక ముందే పోయినోడివి.”

“బావా, పరిగెత్తొద్దు. ఆడనే నిలుచుకో.”

“నిలుచుకునేదేంది? ఆపె పిలిస్తే పలకడం లేదు. సామీ, బిరీన పదండి.”

“ఊపిరి ఆడతాండాదా?”

“ఆడతాండాది. కాళ్ళు చల్లబడినాయి.”

“చిక్కన్నా, కోడి కూయక ముందే బయలుదేరినావా నువ్వు? నా గడప కాడికి పొద్దెక్కినాక గదా వచ్చినావు.”

“ఈ గుట్ట కాడ కూచున్యా సామీ.”

“కూచున్యావా? ఆడ మీ అక్క నెత్తురులో…”

“మా అమ్మే చెప్పింది బావా. రొప్పుతా ఎగపోసుకుంటా పోయి చెయ్యి చూపిస్తే సామి రాడు, బోరయ్యకు అయిందే మనకూ అయితాది, గుండె నిమ్మళం చేసుకోని పోరా అనింది. నిన్ను పంపకుండా నన్ను పంపింది అందుకే. నువ్వయితే ఏడుస్తావని.”

“కూచోమని చెప్పిందారా?”

“నిమ్మళంగా పొమ్మనింది. నాకు కాళ్ళు ఆగలా. ఈడిదాకా పరిగెత్తినా. ఈడికొచ్చేసరికి గుండె దడదడ కొట్టుకుంటాంది. కూచుంటే మెల్లగా అయితాది, అక్క గుర్తొస్తే మళ్ళా కొట్టుకుంటాది. నా చెయ్యి నేనే పట్టుకోని చూసుకుంటా ఉన్న్యా.”

“ఎంతసేపు?”

“గొర్లు మేతకు తోలే పొద్దు దాటింది.”

“సామీ, వాణ్ణి ఈడనే వదిలేసి మనం పోదాం పదండి.”

“వద్దు సామీ, బావ చెయ్యి పట్టుకోవద్దు. నువ్వు కూచో బావా. నోరు మూసుకోని కూచో.”

“నీకేమన్నా మతి పోయిందా?”

“ఎగపోస్తాండావు. ఇప్పుడు నువ్వూ పిలవొచ్చినోడివే. నీ నాడి చూస్తే సామి ఈడి నుంచే వెనక్కి తిరుగుతాడు. సామీ, మీరు అట్ల తిరుక్కోండి. రవంతసేపు. నిమ్మళిస్తాడు.”

“లెయ్యప్పా దాసన్నా.”

“రవంతసేపే సామీ. నేను చూసి చెప్తా, నాకు తెలుస్తాది ఇప్పుడు.”

“లెయ్యమంటా ఇద్దర్నీ. చిక్కన్నా, బొబ్బ చూసినావు గదా. పెంకు తగల్లేదు, నేనే చేత్తో పట్టుకున్న్యా. కాలిన వాసన వస్తే గానీ తెలియలా. ఈ వేళ్ళు మొద్దుబారి మూడేండ్లాయె. నువ్వు తెల్లారకముందే ఎగపోసుకుంటా వచ్చి చెయ్యి చాపినా, హంస నడకే అని చెప్పి నీ ఎంట వచ్చేవాణ్ణి.”