ఆగిపోయిన ప్రశ్న

“మళ్లీ కురుచికుప్పమా! నిన్ననే గదక్కా ముగించుకోని వచ్చినా. కాళ్లు పీకతా ఉండాయి.”

“నాకు మాత్రం కండ్లు మండతా లేవా? పొద్దున్నుంచీ ఈ అంకెలే. కూచో ముందు.”

పుదుచ్చేరిలోని ఆ సర్వే ఆఫీసులో అందరూ వెళ్లిపోయారు. సూపర్‌వైజరు లోకేశ్వరి కంప్యూటరు ముందు ఉంది. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగే పరిమళ సంచి భుజాన్నించి దించకుండానే కూర్చుంది.

“నేనేం తప్పు చేసినా?”

“తప్పని ఎవురన్నారు? ఏ ప్రశ్న దగ్గర నువ్వు ఎంతసేపు ఉన్నావో నీ టాబ్ మాకు చెప్తాది గదా. రేషను, నీళ్లు, గ్యాసు, అన్నీ సరిగానే ఉండాయి. ‘ఇంట్లో ఎవురన్నా కొడతారా’ అనేదానికి మాత్రం కుప్పమంతా ఒకటే జవాబు. లేదు. నువ్వు అడిగి ముగించేలోపలే, లేదు.”

“మొగుడు వాకిట్లో వల బాగుచేస్తా కూచోనుంటే ఇంకేం చెప్తారక్కా?”

“అదే నేననేది. మొగోళ్లు సముద్రానికి పోయినాక పో. పక్కన ఎవురూ లేకుండా అడుగు.”

“సరి. పోతా.”

“ఉండు, ఇంకొకటి. విల్లియనూరులో ఒక ఇల్లు. అదే ప్రశ్న దగ్గర టాబ్ అట్నే నిలిచిపోయింది. చానాసేపు. టీకి పోయినావా?”

“లేదక్కా.”

“చార్జి అయిపోయిందా?”

“లేదు.”

“మరేంది? అంతసేపు ఉండి, చివరికి ఆడా ‘లేదు’ అనే నొక్కినావు.”

“ఆమె లేదనే చెప్పింది. నేను నొక్కినా.”

“అంతవరకూ ఏం చేసింది?”

“ఏం చేస్తాది... నైటీ కొస నలుపుకుంటా కూచోనింది. వదిలెయ్యక్కా. మళ్లీ నాకు బస్సు దొరకదు.”

“వదిలేస్తే ఎట్లా? పైవాళ్లు నన్నడుగుతారు. ఇంటికి పోకుండానే నువ్వు సొంతంగా నొక్కినావంటారు. నీ పని పోతాది.”

“పోతే పోనీ.”

“పోనీ ఏందే! ఆమె నీతో ఏమన్నా చెప్పిందా?”

“చెప్పలేదు. అడిగింది.”

“ఏమడిగింది?”

“వాళ్ల మాట బయట పెట్టకూడదు గదక్కా మనం.”

“నేను బయటిదాన్నా? నాకు ఆమె పేరు కూడా తెలీదు, ఈడ నంబరే కనిపిస్తాది. ఏమడిగిందో చెప్పు.”

“అక్కా...”

“చెప్పు పరిమళా.”

“‘మీ సూపర్‌వైజరు మాయమ్మే. ఈ జవాబు ఆమె చూస్తాదా?’ అని అడిగిందక్కా.”