ఎదురింటి శుక్రవారాలు

సభాధ్యక్షులు శేషగిరి అంకుల్‌గారికి, ముందు వరుసలో కూర్చున్న అలివేలు ఆంటీకి, అడిలైడ్ మాసన్ లేక్స్ తెలుగు యువతకి, షిరాతో వచ్చిన ఆవిడ స్నేహితులకి నమస్కారం. నా పేరు నీరజ. మన సంఘంలో కుర్రాళ్ళ కార్యక్రమాలన్నీ చూసేది నేనే. షిరాకి తెలుగు రాదు కాబట్టి సాయితేజ పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెబుతున్నాడు. సాయితేజా, అన్నీ చెప్పనక్కర్లేదు నాన్నా. (నవ్వులు)

షిరా మా ఎదురింట్లో ఉంటుంది. ఇక్కడి యూనివర్సిటీలో పైచదువులు చదివే యూదు పిల్లలకీ, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళకీ ప్రతి శుక్రవారం సాయంత్రం తన ఇంట్లోనే విందు పెడుతుంది, ఆదివారాలు చెరువు దగ్గర బార్బెక్యూ పెడుతుంది, ఎటూ పోవడానికి లేని మన పిల్లల్ని కూడా రమ్మంటుంది. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతోంది. సన్మానం చేద్దామన్నది మన కుర్రాళ్ళే. ఆ శాలువా నేనే వెళ్ళి కొన్నాను. నాకు నచ్చిన రంగు మాత్రం కొనలేదు. (నవ్వులు)

నవ్వకండి, నిజంగానే కుళ్ళు నాకు. నేను ఆరింటికి రమ్మంటే మీరు ఎనిమిదింటికి వస్తారు. పవన్ అయితే బిర్యానీ ఇంకా ఉందా అని ఫోన్ చేసి మరీ బయల్దేరతాడు. అదే షిరా ఇంట్లో అయితే, వాళ్ళ మతం ప్రకారం శుక్రవారం పొద్దుగూకేలోపు దీపాలు వెలిగించాలి, ఆ తర్వాత ఫోన్ ముట్టుకోరు, అందుకని అందరూ వేళకి వచ్చేస్తారు. మా కిటికీలోంచి చూస్తూనే ఉంటాను, ఒక్కడు కూడా ఆలస్యంగా రాడు. ఒళ్ళు మండిపోతుంది.

ఒకసారి మంచిమనసుతో గిన్నెడు పులిహోర పట్టుకెళ్ళాను. బయట వంటింట్లో వండినది ఆ బల్లమీద పెట్టకూడదట, అది వాళ్ళ నియమం. షిరా ఎంతో మర్యాదగా, తన వంటింట్లోకి వచ్చి చేసిపెట్టమంది. నాకు తీరిక లేదన్నాను. నా బదులు మా చెల్లెలు సృజన వెళ్ళి నేర్పించి వచ్చింది. ఇప్పుడు దాని పేరు షిరా రైసట. మొన్న ఉగాదికి మీలోనే ఒకరు, అక్కా, షిరా చేసినట్టు చెయ్యవా అన్నారు. ఎవరో చెప్పను, ఆ మూల తల దించుకున్నవాళ్ళకి తెలుసు.

పులిహోర పోతే పోయింది. సృజన నన్ను చూసుకుని అడిలైడ్ వచ్చిన పిల్ల. యూనివర్సిటీ హాస్టల్ నుంచి శుక్రవారం శుక్రవారం మా గేటు ముందునుంచే నడిచి ఎదురింట్లోకి వెళ్ళిపోతుంది. ఏమే, అక్కడేముందే అనడిగితే, "అక్కా, నీ ఈవెంట్‌లో నేను వాలంటీర్‌ని. అక్కడ గెస్ట్‌ని. కూర్చోమంటారు, వీక్ ఎలా గడిచిందని అడుగుతారు, అంతే" అంది. సొంత చెల్లెలు గెస్టేమిటండీ? ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నిన్న షిరా సామాన్లు సర్దుతుంటే, వాళ్ళింటి మెట్ల మీద కూర్చుని సృజన ఏడ్చింది. నేను ఇండియా వెళ్ళినప్పుడు ఎయిర్‌పోర్టులో, "బై అక్కా, క్లాసుకి లేటవుతోంది" అని వెళ్ళిపోయిన పిల్ల. కిటికీ తెర లాగేశాను, చూడలేక.

షిరా, నువ్వు మంచిదానివి. నిన్ను తిట్టుకోవడానికి ఇన్నాళ్ళూ నాకు ఒక్క కారణం దొరకనివ్వలేదు. మా పిల్లలకి అన్నం పెట్టావు, చల్లగా ఉండు. మాట్లాడనిచ్చిన అధ్యక్షులకీ, ఓపికపట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు.

కూర్చునేముందు ఒక్కమాట. ఇంట్లో అడగాల్సింది మైకులో అడుగుతున్నాను, ఎందుకంటే ఇంట్లో అడిగితే పని ఉందంటుందని భయం. సృజనా, వచ్చే శుక్రవారం మా ఇంటికి భోజనానికి రావే. ఇంకెవ్వరినీ పిలవను.

సెలవు.