మంజీర వచ్చిన రోజు

నాందేడ్, 1975, శ్రావణమాసం. బట్టల దుకాణం నడిపే రాధాకిషన్ కుండల్‌వాడి నుంచి పొద్దుటి బస్సులో వచ్చి అప్పుడే ఇంట్లో అడుగుపెట్టాడు. ఎదురుగా భార్య ఉమాబాయి, ఆమె వెనక కాలేజీలో చదివే కూతురు సుమిత్ర.

“శివరాం సేట్ ఇంటికి మీరు పోనేలేదట గద! మరి నిన్నంత యాడున్నరు?”

“పోలేదని నీకెవలు చెప్పిండ్రు, ఉమా?”

“పక్క దుకాణంకు ట్రంక్‌కాల్ అచ్చింది. ‘తీపి పోలెలు చేసి పెట్టుకోని కూసున్నం, మీ ఆయన రాలే’ అన్నరు. బిడ్డ పెండ్లి ఖాయం చేసొస్తనని కడక్ ధోతి కట్టుకోని పోయినోరు, గిదేంది, మోకాళ్ల దాంక బురద?”

“కుండల్‌వాడి దాంక పోయిన. ఖరే, నిజంగనే పోయిన. బస్సు గూడ దిగిన. దిగంగనే… మంజీర అచ్చింది.”

“ఎవలచ్చింది?”

“మంజీర.”

“అమ్మా, నది! బాపూ, పూర్ అచ్చిందా? పెద్ద వరదనా?”

“నదని నాకెర్కలేదా, సుమిత్రా? శివరాం సేట్ ఇల్లు బస్‌స్టాండ్ ఎన్కనే గద. నడుమ నది యాడికెళ్లి అడ్డమచ్చింది?”

“అడ్డం రాలే. నేనే దాని కాడికి పోయిన. జనమంత ఉరుకుతున్నరు, ‘మంజీర అచ్చింది, మంజీర అచ్చింది’ అనుకుంట. బండ్లు కట్టుకోని పోతున్నరు. ఒకాయన జరిగి జాగ ఇచ్చిండు. ఎక్కిన. ఇట్ల చూసి అట్ల వద్దామనుకున్న.”

“నాందేడ్‌ల పుట్టి పెరిగి, గోదారికి పూరొస్తే ఒక్కనాడు గల్లీ దాటనోరు, మంజీర చూడవోయిండ్రా?”

“గోదారి రోజు ఉండేదే గద. రోజు ఉండేదాన్ని ఎవలు చూస్తరు?”

“ఔ మరి. నా ముఖం గూడ గట్లనే చూడరు.”

“అమ్మా, బాపును చెప్పనియ్యవా? ఆడ ఏమైంది బాపూ?”

“ఏమైందో నాకే సమజ్ అయితలేదు బిడ్డా. ఒడ్డుకు పోయి నిలవడ్డ. నీళ్లు… నీళ్లు గాదది. ఎర్రగ, అవతలి ఒడ్డే కనవడకుంట. ఆ చప్పుడు చెవులల్ల గాదు, ఎదల పడుతుంది. ఎన్కకు రాబోయిన. రాలేకపోయిన.”

“భయమైందా?”

“మస్తు భయమైంది. ఆడనే కూసున్న. కూసుంటే కూసుంటే భయం పోయింది. ఒక చింతచెట్టు వేర్లతోని సహా కొట్టుకపోతుంది బిడ్డా. దాని కొమ్మ మీద ఒక కొంగ! ఏం ఫికర్ లేదు దానికి. మేనాల పోతున్న దొరసాని తీరుగ కూసున్నది. నాకు నవ్వొచ్చింది. నవ్వుడు ఆగదాయె. నవ్వుతుంటే నవ్వుతుంటే కండ్లల్ల నీళ్లు.”

“జర ఉండుండ్రి, ఉప్పు తెచ్చి దిష్టి తీస్త. ఏదో సోకింది.”

“ఏం సోకలేదమ్మా! మా సారు క్లాసుల గిదే చెప్తడు. ఎన్కటి ఇంగ్లీషు కవులు గిదే రాసిండ్రు. మనిషి నేనే పెద్దనని తిరుగుతుంటడు. కొండ ముంగట, తుఫాను ముంగట నిలవడంగనే ఇంతే ఇంత అయిపోతడు. గట్ల చిన్నగైనంకనే వాని మనసు కడిగినట్లయితదట. మొన్న నేను చదువుతుంటే బాపునే నవ్విండు.”

“నవ్విన. మబ్బును చూసి ఏడ్చేటోనికి దుకాణం లేదు, సంసారం లేదు అన్న. ఇగ అనను. కానీ బిడ్డా, మీ కవులకు ఆకలి గాదా? నాకు మాత్రం పేగులు మొర్రపెట్టినయి.”

“పెట్టవా మరి! ఆడ పోలెలు చల్లారవట్టె.”

“ఒక పిల్లగాడు పుట్నాలు పెట్టిండు.”

“ఏ పిల్లగాడు?”

“పక్కకు కూసున్నోడు. నా లెక్కనే నోరు తెరుచుకోని నది దిక్కు చూస్తుండు. వాన మొదలైతే వాని ఛత్రి నా మీద పట్టి, వాడు తడుసుకుంట కూసున్నడు. ‘ఏం బాబూ, ఇంటికాడ పని లేదా’ అన్న. ‘ఉన్నది, అందుకే ఉరికొచ్చిన’ అన్నడు.”

“ఏం పనట?”

“నాందేడ్‌కెళ్లి ఎవలో పెద్దమనిషి వస్తుండట. వాని పెండ్లి ఖాయం చేస్తానికి.”

“అయ్యో దేవా! శివరాం సేట్ కొడుకు… నందకిషోరా?”

“నేను పేరడగలె.”

“అడగాల్నా! అందుకే నేను ఫోన్‌ల ‘పిల్లగాడు మంచిగున్నడా’ అంటే ఆళ్లు నీళ్లు నమిలిండ్రు! పోయింది. బంగారం అసొంటి సంబంధం పోయింది.”

“పోతే పోనియ్యి అమ్మా, మంచిగైంది. నాకు పరీక్షలున్నయి, ఇప్పుడే పెండ్లి వద్దని చెవుల పోరువెట్టిన. ఒక్కలన్న ఇన్నరా? నీ ఇష్టమేందని ఒక్కలన్న అడిగిండ్రా?”

“గదే మాట వాడన్నడు బిడ్డా.”

“ఏ మాట?”

“‘ఇష్టం లేక ఉరికొచ్చినవా’ అని అడిగిన. ‘ఇష్టమో కాదో నన్నెవలు అడగలె. ఆ పిల్లను గూడ ఎవలు అడిగి ఉండరు. అడగకుంట తోల్కొచ్చుకుంటే నేనేం మనిషిని’ అన్నడు. చేతిల ఉన్న పుట్నాలు మల్ల వానికే ఇచ్చేసిన.”

“నువ్వేమన్నవ్ బాపూ?”

“దుకాణంల అయితే ఏదో ఒకటి అంటుంటి. గా నీళ్ల ముంగట అబద్ధం నోట్లకెళ్లి రాలే. నిజం చెప్ప ధైర్యం రాలే. మల్ల నది దిక్కే చూసిన.”

“పొద్దూకె దాంక ఆడనే ఉన్నరా?”

“ఇద్దరం ఆడనే ఉన్నం, ఉమా, నీళ్లు చూసుకుంట. పొద్దూకినంక బండెక్కి కుండల్‌వాడి వచ్చినం. ఆఖరి బస్సు పోయింది. వాని దోస్తు ఇంట్ల నాకు అన్నం పెట్టిచ్చి, పండ జాగ చూపిచ్చిండు. పొద్దుగాల మల్ల వచ్చి బస్సెక్కిచ్చిండు.”

“ఇంత చేసినోనికి మీరెవరో చెప్పనేలేదా?”

“ఏం ముఖం పెట్టుకోని చెప్తనే? కానీ బస్సు కదులుతుంటే కిటికీ కాడికి ఉరికొచ్చి వాడే అన్నడు, ‘మామా, ఆమెను అడిగి చెప్పుండ్రి. వద్దన్నా నాకు కోపం రాదు’ అని.”

“అంటే… వానికి మీరెవరో ఎర్కనేనా?”

“ఎప్పుడు ఎర్కైందో ఏమో. అడుగుదామంటే బస్సు పోయె.”

“అమ్మ గడుసోడా! ఎర్కుండి గూడ ఛత్రి పట్టిండా?”

“పట్టిండు. గందుకే సుమిత్రా, ఇప్పుడు అడుగుతున్న. ముందే అడగవలసింది. ఈ సంబంధం నీకు ఇష్టమా, కాదా? కాదంటే ఇయ్యాలనే శివరాం సేట్‌కు చెప్తా. పరీక్షలు రాసుకో, పైన చదువుతనంటే చదువుకో. మీ అమ్మను నేను చూసుకుంట.”

“నన్నేం చూసుకుంటరు! నేనేమన్న రాక్షసినా? చెప్పవే, నాయన అడుగుతుండు. ఏంది, నేల చూపులు చూస్తున్నవ్?”

“పరీక్షలు అయినంకనే అమ్మా, ఏదైనా పరీక్షలు అయినంకనే. కానీ బాపూ… నీళ్లు దిగకముందే నన్ను గూడ మంజీర కాడికి తోల్కపోతవా?”