మందు కొట్టని రెండు సాళ్ళు

2003. బెంగళూరు కాటన్‌పేటలో చెల్లెలు మునిలక్ష్మి వంటిల్లు. సర్జాపురం దగ్గర పల్లెలో సేద్యం చేసే సొన్నప్ప సంచి చేత్తో పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయాడు. ఈసారైనా చెప్పేయాలని బస్సెక్కినప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

"లోపలికి రా అన్నా. ఆ సంచి అట్లా పట్టుకొనే నిలబడుంటావా?"

"వంకాయలు."

"చూస్తినిలే. ఇదేంది, సగానికి సగం పుచ్చులే ఉండాయి?"

"పుచ్చు కోసి తీసేస్తే మిగిలింది బాగుంటాది. మందు కొట్టినవి కాదు."

"తెలుసు. వదిన నిన్న ఫోన్ చేసె."

"ఏమనె?"

"ఏమంటాది. నువ్వు మందు నిలిపి, యూరియా గొబ్బరం నిలిపి మూడేండ్లాయెనంట. నిరుడు సగం కాయ కూడా మార్కెట్‌కి పోలేదంట. చెల్లెలు చెప్తే వింటాడు, నువ్వన్నా చెప్పు అనింది."

"నేల మారతా ఉండాది మునీ. జనుము చల్లి, పూతకొచ్చినాక దున్నేస్తి. రాగి గడ్డి తగలబెట్టకుండా సాళ్ళ మధ్య పరిస్తి. పేడ, ఆవు పంచితం, బెల్లం, ఉలవపిండి డ్రమ్ములో కలిపి పోస్తా ఉండా. ఈ వానకు వానపాములొచ్చినాయి. ఆ తోటలో నేను వానపామును చూసి పదేండ్లయింది."

"వానపాముల్ని మార్కెట్‌లో ఎవరు కొంటారన్నా?"

"ఊర్లోనూ అదే అంటారు. వెంకటగిరియప్ప నన్ను గడ్డి సొన్నప్ప అని పిలుస్తాడు."

"మరి ఎందుకు నీకీ మొండితనం? ఈ పంటా ఇట్లే పోతే పుట్టింటికి పోతానని ఏడ్చిందప్పా వదిన."

"నేల కోసం."

"నేల కోసమేనా?"

"కాఫీ పెట్టు."

"పెడతాలే. నేల కోసమేనా అంటా ఉండా."

"నీ మొదటి కాన్పప్పుడు..."

"అదెందుకు ఇప్పుడు?"

"వారం వారం తెస్తా ఉంటి కదా, వంకాయలు. నిగనిగా ఉండేవి."

"తెస్తా ఉంటివి. మా కోడలి అన్న శుక్రవారం తప్పడని అత్త వీధంతా చెప్పుకునేది."

"అవి బుధవారం మందు కొట్టినవి."

"అందరూ అట్లే చేస్తారన్నా. అప్పుడు నీకేం తెలుసు?"

"తెలుసు. అదే నేను చెప్పేది. తెలుసు. ఇంటి వెనకాల రెండు సాళ్ళు మందు కొట్టకుండా పెట్టుకొని ఉంటిమి, మా ఇంట్లోకి. నేనూ మీ వదినా పిల్లోళ్ళూ అవే తింటిమి."

"మరి నాకు?"

"అవి పుచ్చులు. సిటీలో అత్తగారింటికి పుచ్చు కాయ పంపిస్తే నీకు నామర్దా అనుకుంటి. అందుకని ఏరి ఏరి నిగనిగలాడేవి తెస్తి. ఏడో నెల్లో కడుపులోనే బిడ్డ పోయె."

"డాక్టరమ్మ బీపీ అనింది గదా."

"డాక్టరమ్మకు నేను చెప్పినానా, బుధవారం కొట్టి శుక్రవారం తెస్తా ఉండానని? ఆ ఏడే నిలిపేయాల్సింది. ధైర్యం చాల్లేదు. ఇంకా రెండేండ్లు కొడితి. పంపు భుజానికేసుకున్నప్పుడల్లా ఆసుపత్రి మంచం మీద నువ్వు గోడ పక్కకు తిరిగి పండుకున్నదే కనపడేది. నన్ను తిట్టు మునీ. తిడితే నాకు నిమ్మళంగా ఉంటాది."

"వదినకు తెలుసా?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఇన్నేండ్లూ ఇదే మోస్తా ఉంటివా?"

"ఇంకేం చేసేది."

"కూర్చో అన్నా."

"తిట్టు ముందు."

"కూర్చోమంటా ఉండా. నేను తినలేదు."

"ఏంది?"

"ఆ వంకాయలు. ఒక్కటీ తినలేదు. సంచి విప్పితేనే మందు వాసన గుప్పుమనేది. చెప్తే నువ్వు బేజారు చేసుకుంటావని, రావడం నిలిపేస్తావని చెప్పలేదు. శుక్రవారం ఎప్పుడొస్తాదా అని నేను కాచుకొని ఉంటి."

"తినలేదా? నిజంగా?"

"నా కూతురి మీద ఒట్టు."

"తినలేదు. అబ్బా, తినలేదు. మంచి పని చేస్తివమ్మా, పారేసి మంచి పని చేస్తివి."

"పారేయలేదు."

"మరి?"

"నువ్వు మోసుకొని తెచ్చినవి పారేయడానికి చెయ్యి రాలేదు. పక్కన మేడ కడతా ఉంటే కూలీలొచ్చిండ్రి, అనంతపురం వైపోళ్ళు. వాళ్ళలో హనుమక్క అని ఒకామె. వారం వారం ఆమె కొంగులో పోస్తా ఉంటి. చేతులెత్తి దండం పెట్టేది. మేడ లేచినాక ఎటు పోయినారో. నేనూ అడగలేదు."

"పోనీలే మునీ. కూలోళ్ళు, ఆకలికి తినింటారు. మనకెందుకు అదంతా."

"ఆమె కూడా కడుపుతో ఉండె. నాకూ ఆమెకూ ఒకటే నెలలన్నా."