నాగూర్ వలి నాలుగో పాట

"పాత ఇనుమూ... పాత రేడియోలూ కొంటాం..." అని జక్రయ్య కేక వీధి మొదట్లో వినపడిందో లేదో, నాగూర్ వలి అరుగు దిగి ఎదురెళ్లి మరీ పిలుచుకొచ్చాడు.

అరుగు మీద కూర్చున్న మాబు సాహెబ్ చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. గోడవారగా ఉన్న నల్ల డబ్బా వైపు చూశాడు. అది వలి గిటారు యాంప్లిఫయరు. ఆ డబ్బా, మాబు మైకుసెట్టు పదిహేనేళ్లుగా ఒకే ఆటోలో చిలకలూరిపేట చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ తిరిగాయి.

"దీన్ని అమ్మేస్తావేంట్రా?"

"ఇక దీనితో పనేముంది మామా? మొన్న వలీమా విందులో నువ్వే చూశావుగా."

ఆ వలీమా సంగతి చెబుదామనే మాబు ఐదు రోజులుగా వస్తున్నాడు, టీ తాగి చెప్పకుండానే పోతున్నాడు. ఆర్కెస్ట్రా నడిపే ప్రేమ్‌చంద్, "ఇక వలిని పిలవను, ఆ మాట నువ్వే చెప్పు మాబూ, నా వల్ల కాదు" అని బరువంతా ఇతని నెత్తిన పెట్టాడు మరి.

జక్రయ్య డబ్బాను అటూ ఇటూ వంచి చూసి, "బాగానే ఉందిగా, ఎందుకు అమ్మడం?" అన్నాడు. అదిగో, అడగకుండా ఉండాల్సింది. వలి బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"మా ఇలియాస్ ఇంటర్నెట్ సెంటర్లో ఒక సీడీ ఉంది జక్రయ్యా. కంప్యూటర్లో వేస్తే తెర మీద యాంప్లిఫయరు బొమ్మ వస్తుంది, బొత్తాలతో సహా. గిటారు వైరు కంప్యూటర్ వెనకాల గుచ్చి, ఆ బొత్తాలు మౌసుతో తిప్పాలి. అందరూ ఏం చేస్తారంటే గరగర పెంచే గెయిన్ బొత్తాం చివరిదాకా తిప్పేస్తారు, కందిరీగల తుట్టె కదిలినట్టుంటుంది. నేను సగానికి దించా. బొమ్మ డబ్బా ముందు బొమ్మ మైకు ఒకటుంటుంది, దాన్ని స్పీకరు నడిమధ్య నుంచి వేలెడు పక్కకి జరిపా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే వెన్న."

ఇంతవరకూ నిజమే. ఆ హెడ్‌ఫోన్లు మాబు కూడా పెట్టుకుని విన్నాడు, కళ్లు చెమర్చాయి కూడా. వలి అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

"కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి ఆటోలో షాదీఖానాకి తీసుకెళ్లాం. తీగ మీటాను, బిర్యానీ తింటున్నవాళ్ల చేతులు నోటి దగ్గరే ఆగిపోయాయి. రెండో పాటకి హైవే మీద లారీలు ఆగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క జిన్నింగు మిల్లులో పత్తి దానంతటదే గింజలు వదిలేసింది. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి, 'వలి గారూ, రోజూ పొద్దున ఓ గంట వాయించి పోండి, మిషన్లు ఆపేస్తాం' అన్నాడు."

"మరి లారీలవాళ్లు?" అడిగాడు జక్రయ్య.

"వాళ్లందరికీ అన్నం ఎవరు పెడతారని పెళ్లివారు నా మీద గొడవ. సర్లే అని మూడో పాట మెల్లగా వాయించా. ఎంత మెల్లగానంటే, అటు సింగరాయకొండ దాకే వినపడింది. స్టేషన్లో రైలు కదలనని కూర్చుంది. ఇటు తాడేపల్లి దగ్గర కృష్ణ నీళ్లు నిలబడి, పాటంతా విని, అప్పుడు సముద్రం వైపు పోయాయి."

"పేటలో ఉండి నువ్వెట్టా చూశావు?" అన్నాడు జక్రయ్య.

"చూసినవాళ్లు చెప్పారు. అసలు కష్టం అది కాదు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఘాటు వదిలేసి తియ్యగా అయిపోయాయి. రైతులు లబోదిబో. నాలుగో పాటలో గెయిన్ కాస్త పెంచి, ఒక్క తప్పు పోకుండా వాయించి, ఘాటు మళ్లీ ఎక్కించా."

"అన్నం చల్లారిపోతోంది, ఘాటు తర్వాత ఎక్కించుకోవచ్చు" అంది లోపల్నించి వలి భార్య రహిమున్నీసా.

జక్రయ్య నవ్వుకుంటూ డబ్బాను బండి మీదికెత్తి తాడు వేశాడు. అంతే, మాబుకి ఇక ఆగడం చేతకాలేదు.

"ఆగు జక్రయ్యా. దించు దాన్ని." వలి వైపు తిరిగాడు. "నీ గిటారు ఎవరూ వినలేదురా. నువ్వు తీగ మీటాక రవ్వంత ఆలస్యంగా మోత బయటికొచ్చింది, ఆ కంప్యూటర్ తంటా ఏంటో. డ్రమ్ములవాడు తడబడ్డాడు, ప్రేమ్‌చంద్ సైగ చేశాడు. మొదటి పాట సగంలోనే నీ కంప్యూటర్ నుంచి నా మైకుసెట్టుకొచ్చే వైరు పీకేశాను. ఆ తర్వాత జనం విన్న గిటారు ప్రేమ్‌చంద్ కీబోర్డులోది. నీకు హెడ్‌ఫోన్లలో వినపడుతూనే ఉంది, తెలియలేదు. ఇక నిన్ను పిలవనని కూడా చెప్పమన్నాడు."

రహిమున్నీసా గరిటెతో గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"పీకింది నువ్వా మామా?"

"నేనే."

వలి తన వేళ్లు చూసుకున్నాడు. "మొదటి పాటలోనా. అయితే నాలుగోది ఎవరూ వినలేదు."

"వినలేదు."

"దాంట్లో ఒక చోట గిటారు మీద తప్పు మెట్టు నొక్కాను. ఐదు రోజులుగా అదే చెవుల్లో మోగుతోంది. మీరంతా విన్నారనుకున్నా. అందుకే ఈ కోతలన్నీ..." నవ్వబోయాడు, రాలేదు.

జక్రయ్య తాడు విప్పి, డబ్బాను తీసుకెళ్లి గోడవారనే పెట్టి, తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

"నువ్వు కూడా చేతులు కడుక్కో జక్రయ్యా" అంది రహిమున్నీసా.

చాప మీద కూర్చున్నారు. పప్పు దాల్చాలో మాంసం ముక్కలన్నీ ఏరి మాబు వలి కంచంలో వేశాడు. వలి కుడిచేత్తో అన్నం కలుపుతున్నాడు, ఎడమచేతి వేళ్లు మోకాలి మీద నాలుగో పాట నొక్కుతున్నాయి. ఒక చోటికి రాగానే ఆగాయి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాయి. అది చూసి రహిమున్నీసా గరిటె పక్కన పెట్టి, తనూ కంచం తెచ్చుకుని వాళ్ల మధ్యన కూర్చుంది.