ఎర్రబడ్డ కళ్ళతో బడికి వచ్చిన పంతులుగారు

1937వ సంవత్సరం జూన్ ఇరవై ఒకటవ తేదీన గజపతినగరంలో తెలుగు పండితులుగా ఉద్యోగ ప్రవేశం చేసిన శ్రీ ఆకెళ్ళ జగన్నాధం గారు ఈ నెలాఖరున మా పాఠశాల నుండి పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి వ్రాయమని డ్రిల్లు మాస్టరునైన నన్ను అడగడం సంచిక సంపాదకుల సాహసమే. మైదానంలో అరిచి అరిచి మోటుబారిన గొంతు నాది. అయినా వారి మాట వచ్చినప్పుడు నేను ఎవరికీ తీసిపోను.

గజపతినగరంలోనూ, తరువాత చీపురుపల్లిలోనూ దీర్ఘకాలం పనిచేసి, శిష్యకోటి మన్ననలందుకుని, 1958లో వారు ఎచ్చెర్లకు ఆవల సముద్రం వైపున్న మా ఉన్నత పాఠశాలకు విచ్చేశారు. భూతకాల క్రియ దగ్గర వారు ఎన్నడూ రాజీపడలేదు. "వచ్చాడు, కొట్టాడు అన్నావంటే ఆ పని జరిగి తీరిందని నువ్వు పూచీపడ్డట్టే. జరిగినట్టు కనిపిస్తే కనిపించిందనే చెప్పు. కంటికి అగుపడడం వేరు, మనసుకు తోచడం వేరు, నిజంగా జరగడం వేరు" అని ప్రతి తరగతిలోనూ చెప్పేవారు. పిల్లలు "ఒచ్చీసినాడండి" అంటే నవ్వేవారు కారు. చూసి చెబుతున్నాడా, ఊహించి చెబుతున్నాడా అన్నదే వారి పట్టింపు.

ఆ పట్టింపు ఎంతటిదో 1967 ఫిబ్రవరిలో చూశాం. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష నెల రోజుల్లోకి వచ్చింది. లక్ష్ముడనే జాలరి కుర్రవాడు ఆ ఉదయం ఎర్రబడ్డ కళ్ళతో, తూలుతూ వచ్చి ప్రార్థనలో నిలబడ్డాడు. సముద్రమెరుగని ప్రాంతం నుంచి కొత్తగా బదిలీపై వచ్చిన ప్రధానోపాధ్యాయులు "వీడు తాగి వచ్చాడు" అని తీర్మానించి, పేరు కొట్టివేస్తానన్నారు. పేరు పోతే పరీక్ష పోయినట్టే. వాడి తల్లి గున్నమ్మ గేటు దగ్గర చేపల గంప దించి, "మావోడు తాగనేదు బాబూ! తెల్లారగట్ల ఆల్లయ్యతోటి ఏటకెల్లి అట్నుంచటే బడికొచ్చీసినాడు. సంద్రం నీల్లకి ఎర్రబడినాయి బాబూ!" అని ఏడ్చింది. కళ్ళారా చూశాక ఇంకేం కావాలన్నారు ప్రధానోపాధ్యాయులు.

పంతులుగారు వాదించలేదు. ఒక్క రోజు గడువు కోరి, సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని తిన్నగా లక్ష్ముడి తండ్రి నూకయ్య ఇంటికి నడిచారు.

"రేపు నన్నూ తెప్ప ఎక్కించుకో" అన్నారు.

నూకయ్య బెదిరిపోయాడు. "మీరు తెప్పెక్కడమేటి బాబూ! కెరటం కొడితే అమ్మగోరికి నానేటి సెప్పుకోను?"

"నీ కొడుకు పరీక్ష రాయాలా, అక్కర్లేదా?"

నూకయ్య తెప్ప తాళ్ళు సరిచూసుకోవడానికి లేచాడు. మర్నాడు తెల్లవారుజామున, మడి విడిచి మంచినీళ్ళైనా ముట్టని మనిషి, ఈత రాని మనిషి, తెప్ప మీద తాడు పట్టుకు కూర్చుని కెరటాల్లోకి వెళ్ళిపోతుంటే ఒడ్డున నిలబడి చూశాను. ఓరి దేవుడా, ఏం పట్టుదల!

పొద్దెక్కాక ఒడ్డున దిగి, ఇంటికైనా వెళ్ళకుండా, తడిపంచెతో ప్రార్థనకు వచ్చారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తెప్ప ఊపు ఇంకా వదలక రెండడుగులు వేసి, తూలి, నా భుజం పట్టుకున్నారు.

"అయ్యా, నన్ను చూడండి" అన్నారు ప్రధానోపాధ్యాయులతో. "జగన్నాధం తాగాడని వ్రాస్తారా? అయితే ఇద్దరి పేర్లూ కొట్టివేయండి. లేదంటే ఆ కుర్రవాణ్ణి పరీక్షకు పంపండి."

ప్రధానోపాధ్యాయులు ఆ కళ్ళనూ, తడిపంచెనూ తేరిపార చూశారు. చివరకు లక్ష్ముణ్ణి పిలిచి వరుసలో నిలబడమన్నారు. తామే లోపలికి వెళ్ళి పంతులుగారికి కుర్చీ తెచ్చి వేశారు. వారి పెద్దమనసునూ ఇక్కడ చెప్పుకోవాలి. ఆ రోజు పంతులుగారింట్లో వారి ధర్మపత్ని సుభద్రమ్మగారు పెట్టిన చీవాట్లను మాత్రం నేను వ్రాయను. అందులో సగం నాకూ దక్కాయి.

లక్ష్ముడు ఆ మార్చిలో పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడయ్యాడు. ఉపాధ్యాయ శిక్షణ ముగించుకుని, ఈ నెలలోనే తన పేటలోని ప్రాథమిక పాఠశాలలో పంతులుగా చేరాడు. ఆ పేట నుంచి ఉపాధ్యాయుడైన మొదటివాడతడే.

శ్రీ జగన్నాధం గారు ధర్మపత్నీ సమేతంగా సంపూర్ణారోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలనీ, లక్ష్ముడి దగ్గర అక్షరాలు దిద్దుతున్న ఆ జాలరి పిల్లలు పెద్దవాళ్ళై, ఉదయం వేట ముగించుకుని, ఎర్రబడ్డ కళ్ళతోనే వచ్చి మా బడిలో పరీక్ష వ్రాసే రోజును వారు స్వయంగా చూడాలనీ మనసారా కోరుకుంటున్నాను.